ఫైర్ అలారం ఎర్ర డబ్బా: ఎలా పనిచేస్తుంది, ఎప్పుడు నొక్కాలి, ఎలా రీసెట్ చెయ్యాలి, ఎలా టెస్ట్ చెయ్యాలి

అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరో ఆఫీసు కారిడార్లోనో గోడకి ఒక ఎర్ర డబ్బా ఉంటుంది కదా, దాని గురించి అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. నొక్కితే పైనుంచి నీళ్ళు పడతాయా, ఫైరింజన్ దానంతటదే వస్తుందా, పిల్లలు నొక్కేస్తే ఎలా ఆపాలి, అద్దం పగిలితే కొత్తది ఎక్కడ దొరుకుతుంది, తిప్పి తిప్పి ఇవే. అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా. మన దగ్గర దీన్ని మాన్యువల్ కాల్ పాయింట్ అంటారు, ఫైర్ పనిచేసేవాళ్ళు ఎంసీపీ అంటారు, అమెరికాలో అయితే హ్యాండిల్ కిందకి లాగే రకం కాబట్టి పుల్ స్టేషన్. పని మాత్రం ఒకటే.

అసోసియేషన్ వాళ్ళు, వాచ్‌మన్‌లని చూసుకునే సూపర్‌వైజర్లు 5, 6, 7 నంబర్లు తప్పకుండా చదవండి, సమస్యలన్నీ అక్కడే వస్తాయి.

1. ముందు మీ గోడ మీద ఉన్నది ఏ రకమో చూడండి

చదవడం ఆపి ఒక్కసారి కారిడార్లోకి వెళ్ళి చూసి రండి. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది.

అద్దం పగలగొట్టే రకం. ఎర్ర డబ్బా, మధ్యలో చిన్న అద్దం, పాత వాటికైతే పక్కన గొలుసుకి చిన్న సుత్తి. చాలా బిల్డింగుల్లో గొలుసు ఉంటుంది సుత్తి ఉండదు, ఎవరు పట్టుకుపోతారో దేవుడికే తెలియాలి. సుత్తి లేదని ఆగక్కర్లేదు, తాళంచెవి గుత్తితోనో చెప్పు మడమతోనో కొట్టినా పగులుతుంది.

నొక్కితే లోపలికి పోయే రకం. ఇందులో అద్దం ఉండదు, ప్లాస్టిక్ పలక ఉంటుంది. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది, పైన పసుపో నలుపో ఒక గీత కనపడుతుంది. ఇది పగలదు, తాళంతో మళ్ళీ మామూలు అవుతుంది. కొత్త బిల్డింగుల్లో ఎక్కువగా ఇదే పెడుతున్నారు.

హ్యాండిల్ లాగే రకం. ఇది అమెరికా స్టైల్. కొన్నింటికి ఊరికే కిందకి లాగితే చాలు, కొన్నింటికి ముందు లోపలికి తోసి అప్పుడు లాగాలి. ఆ రెండో పని కావాలనే పెట్టారు, ఎవరి భుజమో బ్యాగో తగిలి మోగకుండా.

రంగు కూడా చూడండి, ఇది చాలామంది పట్టించుకోరు. ఎరుపైతేనే ఫైర్ అలారం. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కార్డు గీకే తలుపుల పక్కన అచ్చం ఇలాగే ఆకుపచ్చ డబ్బా ఉంటుంది, అది ఆ తలుపు లాక్ తెరవడానికి మాత్రమే, దాన్ని నొక్కితే బిల్డింగ్‌లో హూటర్ మోగదు. సర్వర్ రూమ్ దగ్గర పసుపు డబ్బా కనిపిస్తే అది మామూలుగా గ్యాస్ వదిలే సిస్టమ్‌ది, ఏంటో చూద్దామని దాన్ని ముట్టుకోకండి.

2. లోపల ఏం జరుగుతుంది

లోపల ఉండేది ఒక స్విచ్, అంతే. అద్దం రకంలో స్ప్రింగ్ ఉన్న స్విచ్‌ని ఆ అద్దమే అదిమి పట్టుకుని ఉంటుంది, అద్దం పగిలితే స్విచ్ బయటికి వచ్చేస్తుంది, కాంటాక్ట్ మారుతుంది. ప్లాస్టిక్ పలక రకంలో కూడా అంతే, పలక జరిగితే స్విచ్ విడుదలవుతుంది. కాలింగ్ బెల్ అయితే వేలు తీస్తే ఆగిపోతుంది, ఇది అలా కాదు, ఒకసారి పడితే ఎవరో వచ్చి తాళంతో తియ్యాల్సిందే. నొక్కినవాడు అక్కడ నిలబడక్కర్లేకుండా పారిపోవచ్చు అన్నదే దీని డిజైన్.

ఆ స్విచ్ నుంచి రెండు వైర్లు ప్యానెల్‌కి, అంటే అలారం మొత్తాన్ని నడిపే కంట్రోల్ పెట్టెకి వెళ్తాయి, అక్కడ సాధారణంగా 24 వోల్టుల డీసీ ఉంటుంది. ప్యానెల్ రెండు రకాలు.

కన్వెన్షనల్ ప్యానెల్ అయితే ఫ్లోర్‌కో రెండు ఫ్లోర్లకో ఒక జోన్. ఆ జోన్ వైరు చివర ఒక రెసిస్టర్ పెడతారు, దాన్ని ఎండ్ ఆఫ్ లైన్ అంటారు. దాని గుండా ఎప్పుడూ కొంచెం కరెంటు పోతూ ఉంటుంది. ఉదాహరణకి 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్ అయితే సుమారు 5 మిల్లీ ఆంప్స్. వైరు తెగితే ఆ కొంచెం కూడా ఆగిపోతుంది కాబట్టి ప్యానెల్ ఫాల్ట్ అని చూపిస్తుంది. మీరు కాల్ పాయింట్ నొక్కితే లోపలున్న ఇంకో చిన్న రెసిస్టర్, 470 ఓమ్స్ లాంటిది, లైన్‌లోకి వస్తుంది, కరెంటు ఒక్కసారి పెరుగుతుంది, దాన్ని ప్యానెల్ ఫైర్ అని అర్థం చేసుకుంటుంది. విలువలు కంపెనీని బట్టి మారతాయి, లాజిక్ ఇదే. ఇందులో మూడో ఫ్లోర్ జోన్ అని మాత్రమే తెలుస్తుంది, ఏ డబ్బా అన్నది మీరే వెళ్ళి వెతుక్కోవాలి.

అడ్రసబుల్ ప్యానెల్ అయితే ప్రతి డబ్బాకీ ఒక నంబర్ ఉంటుంది. ప్యానెల్ వరసగా ఒక్కొక్కదాన్నీ నువ్వున్నావా అని అడుగుతూనే ఉంటుంది, డబ్బా మీద చిన్న లైట్ అప్పుడప్పుడు మెరిసేది అందుకే. నొక్కితే స్క్రీన్ మీద బి బ్లాక్ 3వ ఫ్లోర్ మెట్లు అని నేరుగా వస్తుంది. ఆ పేరు సరిగ్గా ఎక్కించి ఉంటే! చాలాచోట్ల కాంట్రాక్టర్ డివైస్ 47 అని వదిలేసి వెళ్ళిపోతాడు, రాత్రి రెండింటికి డివైస్ 47 ఎక్కడుందో వాచ్‌మన్‌కి ఎలా తెలుస్తుంది?

3. నొక్కితే ఏమవుతుంది, ఏమవదు

అవుతుంది:
- హూటర్లు మోగుతాయి
- ప్యానెల్ మీద ఎర్ర లైట్, జోన్ లేదా డబ్బా పేరు
- కనెక్షన్ ఇచ్చి ఉంటే లిఫ్టులు గ్రౌండ్‌కి వస్తాయి, కార్డు తలుపులు తెరుచుకుంటాయి, మెట్లలోకి పొగ రాకుండా గాలి తోసే ఫ్యాన్లు ఆన్ అవుతాయి, ఏసీ బ్లోయర్లు ఆగుతాయి

అవదు:
- స్ప్రింక్లర్లలోంచి నీళ్ళు పడవు. స్ప్రింక్లర్ అక్కడి వేడికి దానంతటదే పగలాలి, మామూలుగా 68 డిగ్రీల దగ్గర, దానికీ దీనికీ సంబంధం లేదు
- మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఫైర్ స్టేషన్‌కి కబురు పోదు

ఈ చివరిది ఇంకోసారి చదవండి. హూటర్ మోగుతోంది కదా ఎవరో వస్తారులే అని కింద నిలబడి చూస్తుంటారు, ఫోన్ ఎవరూ చెయ్యరు. 101కి గానీ 112కి గానీ మనిషే ఫోన్ చెయ్యాలి.

4. నిజంగా పొగో మంటో కనిపిస్తే: వరస ఇది

1. మీ ఇంట్లోనే అయితే అందర్నీ బయటికి పంపి తలుపు దగ్గరకి లాగి మూసెయ్యండి. తాళం వెయ్యొద్దు, మూస్తే చాలు. తలుపు తెరిచి పెడితే పొగంతా కారిడార్లోకి వచ్చి మిగతావాళ్ళకి మెట్లు కనపడవు.
2. మెట్ల వైపు వెళ్తూ దారిలో ఉన్న కాల్ పాయింట్ నొక్కండి. వెనక్కి వెళ్ళి మరీ నొక్కొద్దు, మంట దాటి ఉన్నదాని జోలికి పోవద్దు. కింద ఫ్లోర్‌లో ఇంకోటి ఉంటుంది.
3. అద్దం రకమైతే మధ్యలో కొట్టండి. అసలైన కాల్ పాయింట్ అద్దానికి పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, చెయ్యి పెద్దగా కోసుకోదు. పాత బిల్డింగ్ అయితే దుపట్టానో చొక్కా అంచో అడ్డం పెట్టుకోండి.
4. హూటర్ వినపడిందా లేదా గమనించండి. వినపడకపోతే అరుస్తూ, తలుపులు కొడుతూ దిగండి.
5. మెట్ల మీదే దిగండి. లిఫ్ట్ వచ్చి ఎదురుగా తలుపు తెరిచినా ఎక్కొద్దు.
6. బయటికి వచ్చాక 101 లేదా 112. అపార్ట్‌మెంట్ పేరు చెప్తే సరిపోదు, రోడ్డు పేరు, పక్కన గుడో పెట్రోల్ బంకో ఏదుంటే అది, ఏ ఫ్లోర్, లోపల ఎవరైనా ఉండిపోయారా, ఇవన్నీ చెప్పండి. ఒక మనిషిని గేటు బయట నిలబెట్టండి, ఇంకొకరు దారిలో పార్క్ చేసిన కార్లు తీయించాలి. మన కాలనీ సందుల్లో ఫైరింజన్ ఆగిపోయేది ఎక్కువగా కార్ల వల్లే.

చిన్న మంట, ఆర్పేద్దాం అనిపిస్తే కూడా ముందు అలారం, తర్వాత మంటలార్పే సిలిండర్. ఆరిపోతే ఆరిపోయింది, అలారం ఎందుకు కొట్టావని తిట్టేవాళ్ళని తర్వాత చూసుకోవచ్చు.

5. ప్యానెల్ దగ్గర ఉన్న మనిషి ఏం చెయ్యాలి

ప్యానెల్ మీద మామూలుగా మూడు బటన్లు ఉంటాయి: అక్నాలెడ్జ్, సైలెన్స్, రీసెట్. వాచ్‌మన్ చేతికి ఏది ముందు అందితే అది నొక్కేస్తాడు, సాధారణంగా అది సైలెన్సే అవుతుంది, ఎందుకంటే ఆ మోత భరించలేం. సెకండ్ ఫ్లోర్ అంకుల్ కిటికీలోంచి ఆపవయ్యా అని అరుస్తుంటే పాపం అతను మాత్రం ఏం చేస్తాడు.

సరైన వరస:
1. అక్నాలెడ్జ్ నొక్కాలి. ప్యానెల్ లోపలి బీప్ ఆగుతుంది, బయట హూటర్లు మోగుతూనే ఉండాలి.
2. ఏ జోన్, ఏ డబ్బా అన్నది చదివి రాసుకోవాలి. ఫోన్‌తో ఫోటో తీస్తే ఇంకా మంచిది.
3. ఒకరు ప్యానెల్ దగ్గర ఉండాలి, ఇంకొకరు మెట్ల మీద ఆ చోటుకి వెళ్ళాలి. ఒక్కడే ఉంటే ముందు సెక్రటరీకి ఒక ఫోన్ కొట్టి అప్పుడు వెళ్ళాలి.
4. పొగ, వాసన, మంట ఏదున్నా వెంటనే 101. హూటర్ ఆపకూడదు.
5. కళ్ళారా చూసి ఏమీ లేదని తేలాకే సైలెన్స్.
6. డబ్బాని రీసెట్ చేసి, ఆ తర్వాతే ప్యానెల్ రీసెట్.

ఈ ఆరూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ప్యానెల్ పక్కన అంటించండి. వాచ్‌మన్ హిందీ మనిషైతే హిందీలో కూడా. ఇంగ్లీషు మాన్యువల్ లామినేట్ చేసి తగిలించి ఉపయోగం లేదు.

6. రీసెట్ చెయ్యడం

ఎక్కువ ఫోన్లు దీని కోసమే వస్తాయి: సార్ రీసెట్ కొట్టినా మళ్ళీ మోగుతోంది అని. డబ్బా ఇంకా నొక్కి ఉన్న స్థితిలోనే ఉంది కాబట్టి మోగుతుంది. ముందు డబ్బా, తర్వాత ప్యానెల్.

ప్లాస్టిక్ పలక రకం: డబ్బాతో వచ్చిన చిన్న ప్లాస్టిక్ తాళం కింది అంచులో ఉన్న రంధ్రంలో పెట్టి తిప్పాలి, కొన్నింటికి పైకి తొయ్యాలి. టక్ అని పలక ముందుకి వస్తుంది, పసుపు గీత మాయమవుతుంది. గీత సగం కనిపిస్తుంటే రీసెట్ అవ్వలేదన్నట్టే.

అద్దం రకం: మూత తీసి గాజు ముక్కలు పూర్తిగా దులిపెయ్యాలి, చిన్న ముక్క స్విచ్ దగ్గర ఇరుక్కున్నా తర్వాత సతాయిస్తుంది. స్విచ్‌ని లోపలికి అదిమి పట్టుకుని కొత్త అద్దం కూర్చోబెట్టాలి, దాని మీద బాణం గుర్తు ఉంటే అదే దిశలో. మూత వెయ్యాలి.

హ్యాండిల్ రకం: తాళంతో ముందు భాగం తెరవాలి, హ్యాండిల్ పైకి వెళ్తుంది, మళ్ళీ మూసి తాళం వెయ్యాలి. హ్యాండిల్ ఊరికే పైకి తోస్తే పోదు, బలవంతం చేస్తే విరుగుతుంది.

ఆ తర్వాత ప్యానెల్ మీద రీసెట్ ఒకసారి నొక్కి ఓ నిమిషం ఆగండి. నార్మల్ అని వచ్చాక లాగ్ బుక్‌లో టైము, కారణం, పేరు రాయండి.

తాళాల సంగతి: రీసెట్ తాళం, ప్యానెల్ తాళం రెండూ సెక్యూరిటీ రూమ్‌లో ఉండాలి, ఒక డూప్లికేట్ సెక్రటరీ దగ్గర. ప్రెసిడెంట్ గారి బీరువాలో పెట్టి ఆయన సంక్రాంతికి ఊరెళ్తే ఆ నాలుగు రోజులు దేవుడే దిక్కు.

7. టెస్ట్ చెయ్యడం

అన్నీ ఒకేరోజు కొట్టక్కర్లేదు. వారానికి ఒకటి, ప్రతిసారీ వేరే డబ్బా, ఒకే రోజు ఒకే టైముకి. ఆదివారం ఉదయం 11 అని పెట్టుకుంటే జనానికి అలవాటైపోతుంది. ఏ వారం ఏ డబ్బా అన్నది లిస్టు రాసుకోకపోతే ఎప్పుడూ ప్యానెల్ పక్కనున్న ఒక్కదాన్నే కొడుతుంటారు, టెర్రస్ దానికి మోక్షం ఉండదు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:
- ముందురోజు, మళ్ళీ అరగంట ముందు వాట్సాప్ గ్రూపులో మెసేజ్
- ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి విడిగా ఫోన్
- టెస్ట్ తాళం, అద్దం రకమైతే రెండు స్పేర్ అద్దాలు
- లిఫ్టులు కనెక్ట్ అయి ఉంటే లిఫ్టులో ఎవరూ లేరని చూసుకోవాలి
- బయటి మానిటరింగ్ కంపెనీకో గ్యాస్ సిస్టమ్‌కో లింకు ఉంటే ముందే వాళ్ళకి చెప్పాలి. గ్యాస్ సిస్టమ్ ఉన్నచోట టెక్నీషియన్ లేకుండా టెస్ట్ మొదలుపెట్టొద్దు

చేసే వరస:
1. ప్యానెల్ నార్మల్‌లో ఉందని చూడండి. ముందే ఫాల్ట్ ఉంటే దాన్ని సరిచేశాకే టెస్ట్.
2. ఒకరు ప్యానెల్ దగ్గర, ఒకరు డబ్బా దగ్గర, ఫోన్ లైన్‌లో.
3. టెస్ట్ తాళంతో డబ్బాని ఆపరేట్ చెయ్యండి, అద్దం పగలగొట్టక్కర్లేదు.
4. ప్యానెల్ చూపించిన చోటు, మీరు నిలబడ్డ చోటు ఒకటేనా? కాకపోతే లేబుల్ తప్పు, రాసుకోండి.
5. పై ఫ్లోర్లో ఒకరు పడకగది తలుపు వేసుకుని హూటర్ వినపడుతుందో లేదో చెప్పాలి. నిద్రపోయేవాళ్ళు లేవాలంటే మంచం దగ్గర 75 డెసిబెల్స్ అనేది స్టాండర్డ్స్‌లో మామూలుగా చెప్పే లెక్క. ఫోన్ యాప్‌తో కొలిస్తే పక్కాగా రాదు కానీ ఒక అంచనా వస్తుంది.
6. డబ్బా రీసెట్, ప్యానెల్ రీసెట్, లాగ్ బుక్.

నెలకొకసారి దీన్నే కరెంటు తీసి చెయ్యండి. ప్యానెల్ మెయిన్ ఆఫ్ చేసి కాల్ పాయింట్ నొక్కితే హూటర్లు గట్టిగా మోగాలి. మూలిగినట్టు వస్తే బ్యాటరీలు పోయినట్టే. మామూలుగా లోపల 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి, మార్చిన తేదీ వాటి మీదే మార్కర్‌తో రాయించండి. మంట లేచినప్పుడు ముందు పోయేది కరెంటే కాబట్టి ఈ టెస్ట్ ఎగ్గొట్టొద్దు.

8. తరచూ కనిపించే తప్పులు, వాటికి మందు

పిల్లలు నొక్కుతున్నారని డబ్బాకి టేపు వెయ్యడం, అట్ట పెట్టి కట్టెయ్యడం. దీనికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫ్లాప్ దొరుకుతుంది, ఎత్తి నొక్కాలి, అది పెట్టించండి. పిల్లలకి ఒకసారి టెస్ట్ రోజున పిలిచి చూపించినా సగం సరదా తీరిపోతుంది.

అద్దం పగిలితే గ్లాసు షాపులో మామూలు కిటికీ అద్దం కోయించి పెట్టడం. మందం తేడాతో అది సరిగ్గా పగలదు, పగిలితే చెయ్యి కోస్తుంది, స్విచ్‌ని సరిగ్గా అదమక ఊరికే కూడా మోగొచ్చు. ఆ మోడల్ అద్దమే తెప్పించి అరడజను దగ్గర పెట్టుకోండి.

ఊరికే మోగుతోందని హూటర్ వైరు పీకెయ్యడం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ప్యానెల్ మీద పసుపు ఫాల్ట్ లైటు నెలల తరబడి వెలుగుతుంటే, అలవాటైపోయి ఎవరూ చూడకపోతే, ఎక్కువసార్లు కారణం ఇలాంటిదే అయి ఉంటుంది. ఊరికే మోగడానికి అసలు కారణం వెతకండి. స్టిల్ట్ పార్కింగ్‌లో కార్లు ప్రెషర్ గొట్టంతో కడుగుతుంటే డబ్బాలోకి నీళ్ళు పోతాయి, టెర్రస్ మీద వాన పడుతుంది. అలాంటి చోట్ల వాటర్‌ప్రూఫ్ మోడల్, కనీసం ఐపీ 65 (దుమ్ము, నీళ్ళు లోపలికి పోకుండా ఉండే రేటింగ్) ఉన్నది, పెట్టించాలి, వైరు కింది నుంచి ఎక్కించాలి.

డబ్బా ముందు చెప్పుల స్టాండు, పూలకుండీ, పాత ఫ్రిజ్. వీటి గురించి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. డబ్బా ఫోటో తీసి ఫ్లాట్ నంబర్‌తో సహా గ్రూపులో పెట్టండి, సాయంత్రానికి తీసేస్తారు.

రంగులేసేవాళ్ళు డబ్బా మీద కూడా పెయింట్ కొట్టెయ్యడం. పలక అతుక్కుపోయి కదలదు. పని మొదలయ్యే ముందు కవర్ వేయించండి, అయిపోయిన రోజే తీయించండి, ఆ కవర్లు తీయకపోవడం ఇంకో సమస్య.

వైరింగ్‌లో పక్క నుంచి ట్యాప్ తియ్యడం. కన్వెన్షనల్ లైన్‌లో వైరు డబ్బాలోకి వచ్చి డబ్బాలోంచే తర్వాతిదానికి వెళ్ళాలి. మధ్యలో జాయింట్ కొట్టి కొమ్మలా తీస్తే, రేపు ఆ డబ్బా వైరు ఊడినా ప్యానెల్ నార్మల్ అనే చూపిస్తుంది. టెక్నీషియన్ ముందే ఒక డబ్బా వైరు ఊడదీయించి చూడండి, ఫాల్ట్ రాకపోతే పని సరిగ్గా చెయ్యలేదన్నమాట.

9. కొత్తగా పెట్టించేటప్పుడు చూసుకోవాల్సినవి

- ప్రతి ఫ్లోర్లో మెట్ల తలుపు దగ్గర, బయటికి వెళ్ళే ప్రతి దారిలో ఉండాలి, బిల్డింగ్ మధ్యలో ఎక్కడో కాదు
- నేల నుంచి సుమారు 1.4 మీటర్ల ఎత్తు, ఎదురుగా ఏ అడ్డూ లేకుండా
- మొత్తం బిల్డింగ్‌కి ఒకే మోడల్, ఒకే తాళం
- కొటేషన్‌లో ఐఎస్ 2189 ప్రకారం అని రాయించుకోండి, మన దేశంలో ఫైర్ అలారం పెట్టడానికి, మెయింటెయిన్ చెయ్యడానికి ఉన్న కోడ్ అదే
- బిల్డింగ్ 15 మీటర్లు, ఆపైన ఉంటే నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కలో హైరైజ్ కిందకి వస్తుంది, కాబట్టి కాంట్రాక్టర్ మాట మీద పోకుండా ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళిచ్చిన ఎన్‌ఓసీ కాగితాల్లో ఏమేం రాసి ఉందో చదివి పెట్టించండి
- బిల్లు కట్టే ముందు ప్రతి డబ్బా మీ ఎదురుగా కొట్టించాలి, ప్యానెల్ మీద పేర్లు మీరు రోజూ పిలిచే పేర్లే ఉండాలి

10. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి

అక్కడ చదువుకునే పిల్లలు కూడా అడుగుతుంటారు కాబట్టి ఇదొక్కటి. అక్కడి ఫైర్ అలారం కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 లెక్కలో పుల్ స్టేషన్ 42 నుంచి 48 అంగుళాల ఎత్తులో, బయటికి వెళ్ళే తలుపుకి 5 అడుగుల లోపు ఉంటుంది, అంటే ఎగ్జిట్ దగ్గరే వెతకండి. చాలా బిల్డింగుల్లో సిగ్నల్ మానిటరింగ్ సెంటర్‌కి పోతుంది కానీ అన్నింట్లో కాదు, లోకల్ అలారం మాత్రమే అని బోర్డు ఉంటే 911కి మీరే చెయ్యాలి. బోర్డు లేకపోయినా చెయ్యడంలో తప్పు లేదు.

సరదాకి లాగితే అక్కడ నేరం, కేసు అవుతుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. పొరపాటున లాగితే దాక్కోకుండా అక్కడే ఉండి ఫైర్ వాళ్ళకో మేనేజర్‌కో చెప్పండి, మీరే రీసెట్ చెయ్యబోకండి.

ఇంకోటి, పోపు మాడి ఇల్లంతా పొగ నిండితే కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ వెయ్యండి, కారిడార్ వైపు తలుపు మాత్రం తెరవొద్దు. ఆ పొగ బయట డిటెక్టర్‌కి తగిలితే ఎవరూ ఏ హ్యాండిలూ లాగకుండానే బిల్డింగ్ మొత్తం చలిలో రోడ్డు మీదకి రావాల్సి వస్తుంది.